ఊపిరి పోయడం నేర్పిన బొమ్మల వ్యాపారి

ఆగిన గుండెను తిరిగి కొట్టుకొనేలా చేసే విద్యను నర్సింగ్ విద్యార్థినులు ముందుగా సాధన చేసేది బొమ్మపైనే. ఆ బొమ్మకు మనిషి ముఖాన్నిచ్చిన ఆస్మండ్ లెర్డాల్ వైద్యుడు కారు. నార్వేలోని స్టావంగర్ పట్టణంలో ఆటబొమ్మలు తయారుచేసే వ్యాపారి.

1940లో శుభాకాంక్షల కార్డులు, పిల్లల పుస్తకాలతో వ్యాపారం ఆరంభించి, క్రమంగా మెత్తని ప్లాస్టిక్ బొమ్మలకు మళ్లారు. ఒకనాడు రెండేళ్ల కుమారుడు నీటిలో మునిగి చలనం లేకుండా కనిపించాడు. తండ్రి శ్వాసమార్గంలోని నీటిని వెలికితీయగా బాలుడు బతికాడు.

అనంతరం నోటితో శ్వాసనందించే విధానాన్ని ప్రచారం చేస్తున్న వైద్యులు పీటర్ సాఫర్, బ్యోర్న్ లిండ్‌ల ప్రోత్సాహంతో శిక్షణ బొమ్మ నిర్మాణానికి పూనుకున్నారు. బొమ్మ సజీవంగా కనిపిస్తేనే నేర్చుకొనేవారి మనసు కదులుతుందని, శ్రద్ధ కుదురుతుందని ఆయన నమ్మకం. బంధువుల ఇంటి గోడపై చూసిన ఒక యువతి ముఖాకృతి జ్ఞప్తికి వచ్చింది. పందొమ్మిదో శతాబ్దంలో పారిస్‌లోని సెన్ నదిలో శవమై తేలిన అనామికదని దానికి ప్రతీతి. నీట మునిగినవారి ముఖం అంత ప్రశాంతంగా ఉండదని సందేహించేవారూ లేకపోలేదు. ఏమైనా 1960లో ఆ ముఖంతోనే 'రిససీ యాన్' వెలువడింది. అదే ఏడాది అమెరికా పరిశోధకులు ఛాతీ నొక్కే విధానాన్ని ప్రకటించగా, తర్వాత బొమ్మ ఎదలో స్ప్రింగు చేరింది.

అమెరికాలో శిక్షణార్థులు తొలుత ఆమెను పేరుపెట్టి పిలిచి క్షేమం అడిగేవారు. పలకని బొమ్మను పలకరించడం వింతగా తోచవచ్చు. కానీ రోగికి స్పృహ ఉన్నదీ లేనిదీ తెలుసుకొనే మొదటి మెట్టు అదే.

లెర్డాల్ 1981లో కన్నుమూశారు. నాడు నీటి నుంచి బతికి బయటపడిన కుమారుడే తర్వాత సంస్థ పగ్గాలు చేపట్టారు.