పసినోట పలికిన క్రిస్మస్

డిసెంబర్ వచ్చిందంటే శ్రీరాంపూర్ సింగరేణి క్వార్టర్ల ముందు నక్షత్రాలు వెలుగుతాయి. సండేస్కూల్ పిల్లలు తలకు తువాళ్లు చుట్టుకుని గొర్రెల కాపరులవుతారు, తెల్లగౌన్లు తొడుక్కుని దేవదూతలవుతారు. ఏటా ఎవరో ఒక చిన్నవాడు మైకు ముందుకొచ్చి, నెలరోజులు వల్లెవేసిన వచనం మరచిపోయి బిక్కమొహం వేస్తాడు. తెరవెనుక నుంచి టీచరమ్మ మాట అందిస్తుంది. పెద్దలంతా నవ్వుకుంటారు. వాడికి మనమిచ్చేది రెండే నిమిషాలు. మిగతా మూడు గంటలూ సన్మానాలకు, శాలువాలకు, ప్రసంగాలకు వెళ్లిపోతాయి. నిజానికి క్రిస్మస్ అంతా ఆ రెండు నిమిషాల్లోనే ఉంది. అలా నమ్మి, దానికోసం పట్టుబట్టిన ఒక కార్టూనిస్టు జీవితం ఇది.

నల్లచెవుల తెల్లకుక్క స్నూపీ బొమ్మను మన పిల్లల టీషర్టుల మీద, స్కూలు సంచుల మీద చాలామంది చూసే ఉంటారు. దాన్ని గీసినవాడు చార్లెస్ షుల్జ్. 1922 నవంబర్ 26న అమెరికాలోని మినియాపొలిస్‌లో పుట్టి, పక్కనే ఉన్న సెయింట్‌పాల్ నగరంలో పెరిగాడు. తండ్రి క్షౌరశాల నడుపుకునే సామాన్యుడు. షుల్జ్ ఒక్కగానొక్క కొడుకు. బడిలో పై తరగతికి ముందుగానే పంపడంతో తరగతిలో అందరికన్నా చిన్నవాడై, బిడియస్థుడిగా మిగిలాడు. హైస్కూల్ చివరి ఏడాది సావనీరు కోసం ఇచ్చిన బొమ్మలను అచ్చువేయకుండా పక్కన పెట్టేశారు. ఆ చిన్న అవమానాన్ని ఆయన జీవితమంతా మరచిపోలేదు.

1943లో సైన్యం నుంచి పిలుపు వచ్చింది. అప్పటికే తల్లి క్యాన్సర్‌తో మంచాన ఉంది. అతడు సైన్యంలో చేరిన కొద్దిరోజులకే ఆమె కన్నుమూసింది. ఇరవయ్యేళ్ల కుర్రవాడు దుఃఖం తీరకముందే శిక్షణకు, అక్కడినుంచి ఐరోపా యుద్ధానికీ వెళ్లాల్సి వచ్చింది. యుద్ధం ముగిసి ఇంటికి తిరిగి వచ్చాక ఆ ఒంటరితనంలో అతణ్ని చేరదీసింది సెయింట్‌పాల్‌లోని ఒక చిన్న సంఘం. అక్కడ బైబిలు చదవడం, దాని గురించి తోటి యువకులతో చర్చించడం అలవాటయ్యాయి. తరువాత కాలిఫోర్నియాకు మారినప్పుడు సెబాస్టపోల్ అనే ఊరి మెథడిస్టు సంఘంలో కొన్నేళ్లపాటు పెద్దల సండేస్కూల్ తరగతి కూడా నడిపాడు.

1950 అక్టోబర్ 2న ఏడు పత్రికల్లో 'పీనట్స్' అనే అతని బొమ్మల ధారావాహిక మొదలైంది. అందులో పెద్దవాళ్లు కనిపించరు. అంతా పిల్లలే. కథానాయకుడు చార్లీ బ్రౌన్ ఏ ఆటలోనూ గెలవడు. ఎగరేసిన గాలిపటం చెట్టుకు చిక్కుకుంటుంది. అందరికీ ఉత్తరాలు వస్తాయి, అతనికి రావు. అతని స్నేహితుడు లైనస్ మహా తెలివైనవాడు, లేఖనాలు బాగా తెలిసినవాడు. కానీ చిన్న దుప్పటి ఒకటి చేతిలో లేకపోతే అతనికి ధైర్యం ఉండదు. ఈ పిల్లల భయాలు, బెంగలు వేరెవరివో కావు, షుల్జ్‌వే. పేరు, డబ్బు వచ్చాక కూడా ఆందోళన, దిగులు ఆయనను వదలలేదు.

1965లో కోకాకోలా సంస్థ ఒక క్రిస్మస్ టీవీ కార్యక్రమానికి ఖర్చు భరిస్తానని ముందుకొచ్చింది. నిర్మాత లీ మెండెల్సన్, యానిమేషన్ దర్శకుడు బిల్ మెలెండెజ్, షుల్జ్ కలిసి ఆరు నెలల్లోనే అరగంట కార్టూన్ చిత్రం తయారుచేయాలి. పాత్రలకు పెద్దల చేత గొంతు మార్పించకుండా పిల్లల చేతనే మాట్లాడించారు. ఇంకా చదవడం రాని ఆరేళ్ల పాపకైతే ముక్క ముక్కగా చెప్పి పలికించారు. పాటలు పాడడానికి ఒక చర్చి పిల్లల గాయక బృందాన్ని పిలిచారు. హాస్య కార్యక్రమాల్లో వినిపించే కృత్రిమ నవ్వులు వద్దన్నాడు షుల్జ్. అన్నిటికన్నా ముఖ్యంగా, లూకా సువార్త రెండవ అధ్యాయంలోని 8 నుంచి 14 వరకు వచనాలను ఉన్నదున్నట్టుగా ఒక బాలుడి చేత చెప్పించాలన్నాడు. వినోద కార్యక్రమంలో బైబిలు చదివితే జనం ఛానల్ మార్చేస్తారేమోనని సహచరులే జంకారు. ఆయన మాత్రం వెనక్కి తగ్గలేదు. తాము చెప్పకపోతే చెప్పేవారెవరన్నదే ఆయన వాదన.

కథ చాలా చిన్నది. అందరూ పండుగ సందడిలో ఉంటే చార్లీ బ్రౌన్‌కు మాత్రం మనసులో సంతోషం లేదు. చెల్లెలు శాంతాక్లాజ్‌కు ఉత్తరం రాయిస్తూ డబ్బే పంపమంటుంది. కుక్క కూడా బహుమతి కోసం తన గూటిని దీపాలతో అలంకరిస్తుంది. క్రిస్మస్ నాటకానికి చెట్టు తెమ్మంటే, మెరిసే అల్యూమినియం చెట్లన్నీ వదిలి, ఆకులు రాలుతున్న ఒక బక్క మొక్కను చార్లీ తెస్తాడు. పిల్లలంతా ఎగతాళి చేస్తారు. క్రిస్మస్ అంటే ఏమిటో ఎవరికైనా తెలుసా అని అతడు నిస్పృహతో కేకపెడతాడు. అప్పుడు లైనస్ స్టేజీ మధ్యకు నడిచి, దీపం తన మీద వేయమని అడిగి, గొర్రెల కాపరులకు దూత చెప్పిన వార్తను నెమ్మదిగా వినిపిస్తాడు. ఆ గొంతు ఏడేళ్ల పిల్లవాడిది. వెనుక సంగీతం లేదు. భయపడవద్దని దూత పలికిన మాట దగ్గరికి వచ్చేసరికి, ఎప్పుడూ వదలని ఆ దుప్పటి లైనస్ చేతిలోనుంచి జారిపోతుంది!

ప్రసారానికి ముందు చూసిన సీబీఎస్ టీవీ అధికారులు పెదవి విరిచారు. నెమ్మదిగా సాగుతోంది, ఇది ఆడదనుకున్నారు. అప్పటికే తేదీ ప్రకటించారు కాబట్టి 1965 డిసెంబర్ 9న వేయక తప్పలేదు. ఆ రాత్రి అమెరికాలో టీవీ చూస్తున్నవారిలో దాదాపు సగంమంది దాన్నే చూశారు. ఎమ్మీ, పీబాడీ పురస్కారాలు దక్కాయి. ఎత్తివేయాలనుకున్న ఆ కొన్ని వచనాలే, దశాబ్దాలపాటు ప్రతి డిసెంబర్‌లోనూ, చర్చి గడప తొక్కని ఇళ్లలో కూడా వినిపించాయి.

షుల్జ్ యాభై ఏళ్లలో 17,897 ధారావాహికలు గీశాడు. 1981లో గుండె ఆపరేషన్ తరువాత చేయి వణికినా మరొకరి చేత గీయించలేదు. 2000 ఫిబ్రవరి 12 రాత్రి, 77వ ఏట కన్నుమూశాడు. ఆయన చివరి ఆదివారం బొమ్మ మరునాడే పత్రికల్లో వచ్చింది. ఒక సంగతి దాచకుండా చెప్పాలి. చివరి దశాబ్దాల్లో ఆయన చర్చికి దూరమయ్యాడు. తన విశ్వాసాన్ని పాత మాటల్లో చెప్పుకోవడానికి ఇష్టపడలేదు. ఆయన హృదయం దేవునికి తెలుసు, తీర్పు మనది కాదు. కానీ విత్తినవాడి అడుగులు తడబడినా విత్తిన వాక్యం మాత్రం ఎండిపోలేదు. సేవకులమైన మాకు ఇది హెచ్చరిక, ఓదార్పు కూడా.

ఆ రాత్రి బేత్లెహేము పొలాల్లో మేలుకుని ఉన్నవారెవరు? మన భాషలో చెప్పాలంటే నైట్‌షిఫ్టు వాళ్లు! రాజభవనంలో నిద్రిస్తున్నవారికి కాక, చలిలో మందను కాస్తున్న కూలివారికి ఆ వార్త మొదట అందింది. తలకు దీపం కట్టుకుని భూమి లోపలికి దిగే కార్మికుడికి, షిఫ్టు దిగి ఇంటికి చేరేదాకా గడప వైపు చూస్తుండే అతని భార్యకు భయమంటే ఏమిటో ఎవరూ నేర్పనక్కరలేదు. అందుకే ఆ దూత మొదటి మాట మన బొగ్గుబావుల ఊళ్లకు ఎంతో దగ్గరిది. మనలో ప్రతివారి చేతిలోనూ ఒక దుప్పటి ఉంటుంది. కొందరికది బ్యాంకులో డబ్బు, కొందరికి కొడుకు ఉద్యోగం, కొందరికి పదిమందిలో పరువు. పశువుల తొట్టిలో పడుకున్న ఆ శిశువును చూసినప్పుడే దాన్ని వదిలే ధైర్యం వస్తుంది.

ఈసారి మన పిల్లవాడు మైకు ముందు తడబడితే నవ్వకండి. స్పీకర్ల హోరు ఆపించండి. వాడు ఆ వచనం పూర్తిచేసేదాకా సంఘమంతా నిశ్శబ్దంగా వినండి. ఆరోజు వాడే మన దేవదూత.