ప్రార్థిస్తే జబ్బు తగ్గుతుందా? – యల్లాప్రగడ సుబ్బారావు జీవితం చెప్పే జవాబు



ధమ్మ బంధువులారా,

ఇంట్లో ఒకరు మంచం పట్టారనుకోండి. అమ్మవారికి మొక్కుకోమని ఒకరొస్తారు. ప్రార్థన పెట్టిస్తే తగ్గిపోద్దని ఇంకొకరు, తాయెత్తు కట్టించమని మరొకరు. మనమేమైనా తక్కువా? బౌద్ధం తీసుకున్న మన ఇళ్లలో కూడా మంచం పక్కన కూర్చుని పరిత్త సుత్తాలు చదివి, ఆసుపత్రి సంగతి రేపు చూద్దాంలే అనేవాళ్లున్నారు. మొక్కు పేరు మారింది గానీ అలవాటు మారలేదు. ఒకరి కోసం ఇంకొకరు ప్రార్థిస్తే జబ్బు నిజంగా తగ్గుతుందా? దీనికి జవాబుగా ఒక మనిషి జీవితం చెబుతాను, వినండి. ఆయన ఎక్కడివాడో కాదు, మన గోదావరి మనిషే.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. బ్రాహ్మణ కుటుంబం. బ్రాహ్మణుడి కథ మనకెందుకని మీలో కొందరు అడగొచ్చు. పుట్టుకను బట్టి కాదు, చేసే పనిని బట్టి మనిషిని చూడమని తథాగతుడు నేర్పాడు. ఆ కొలతతోనే చూడండి.

ఇంట్లో డబ్బుకి ఇబ్బంది. చదువు కూడా సాఫీగా సాగలేదు. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. కుర్రతనంలో సన్యాసం పుచ్చుకోవాలనుకున్నారు, తల్లి ఒప్పుకోలేదు. చివరికి మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. అక్కడ ఖద్దరు కట్టినందుకు తెల్ల ప్రొఫెసరుకి కోపం వచ్చి, ఎం.బి.బి.ఎస్. దక్కలేదు. దానికంటే తక్కువైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటికొచ్చారు.

ఆయన మనసుకి తగిలిన అసలు దెబ్బ వేరే ఉంది. ఆయన అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. తిన్న తిండి వంటబట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గి మనిషి ఎండిపోతాడు. పూజలూ మంత్రాలూ చేతిలో ఉన్న కులమది. ప్రార్థనకే జబ్బుని ఆపే బలం ఉంటే ఆ ఇద్దరూ బతకాలి కదండీ? బతకలేదు. సుబ్బారావు ఏడ్చి ఊరుకోలేదు, విధి అని సరిపెట్టుకోలేదు. ఈ జబ్బుకి కారణమేంటి, మందేంటి అని వెతకడానికి బయల్దేరారు.

1920ల మొదట్లో అమెరికా వెళ్లారు. ఆ ప్రయాణానికి మామగారు డబ్బు పోగుచేశారు, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామంది. సత్యలింగ నాయకర్ అగ్నికులక్షత్రియుల బిడ్డ, రంగూన్‌లో సంపాదించిన సొమ్ముని చదువులకి రాసిచ్చినవాడు. బ్రాహ్మల బిడ్డ చదువుకి మత్స్యకారుల బిడ్డ సొమ్ము ఆసరా అయ్యిందన్నమాట. ఇది గుర్తుంచుకోండి.

బోస్టన్‌లో చేతిలో డబ్బుల్లేక, రాత్రిపూట ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని చేశారు. ఏ పని చేసినందుకు మన తాతల్ని అంటరానివాళ్లన్నారో, ఆ పనే చేశారు. తర్వాత హార్వర్డ్‌లో పరిశోధన చేసి, 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. అన్నదమ్ముల్ని మింగిన స్ప్రూకి అదే మందయ్యింది. మన గర్భిణీ స్త్రీలకి రక్తం పట్టడానికి ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండేది కూడా అదే. ఫోలిక్ ఆమ్లం మీద పని నుంచే క్యాన్సర్‌కి మెథోట్రెక్సేట్ వచ్చింది.

1947లో ఇంకో మందు వచ్చింది, హెట్రజాన్. దాన్నే మనం డి.ఇ.సి. మాత్ర అంటాం. బోదకాలుది. కోనసీమలో ఈ జబ్బు తెలియని పేట ఉందా? శాపమన్నారు, పూర్వజన్మ పాపమన్నారు. ఆ పూర్వకర్మ మాటని బాబాసాహెబ్ ఒప్పుకోలేదు. కారణం దోమ మోసుకొచ్చే దారంలాంటి పురుగు. కారణం తెలిసింది కాబట్టి మందు దొరికింది. దుఃఖం ఉంది, దానికి కారణం ఉంది, కారణం పోతే దుఃఖం పోతుందని తథాగతుడు చెప్పిన దారి ఇదే కదా.

సుబ్బారావు 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే చనిపోయారు. మళ్లీ స్వదేశం రాలేదు. భార్య శేషగిరి ఎదురుచూస్తూనే ఉండిపోయారు. ఆమె నష్టాన్ని కూడా మనం మర్చిపోకూడదు.

ప్రార్థన సంగతి కూడా పరీక్షించి చూశారు. అమెరికాలో 6 ఆసుపత్రుల్లో గుండె ఆపరేషన్ అయిన 1802 మంది మీద జరిగిన పరిశీలన 2006లో వెలువడింది. రోగికి ఖాయంగా చెప్పకుండా ప్రార్థించిన వర్గంలో 52 శాతం మందికి ఇబ్బందులొచ్చాయి, ప్రార్థించని వర్గంలో 51 శాతం మందికి. మీకోసం ప్రార్థిస్తున్నామని చెప్పి ప్రార్థించిన వర్గంలో 59 శాతం. అంటే మేలేమీ కనపడలేదు.

ఇది ఏ మతాన్నీ వేళాకోళం చెయ్యడానికి కాదండీ. మోకాళ్ల మీద కూర్చున్న తల్లి ప్రేమ అబద్ధం కాదు. పక్కన మనవాళ్లున్నారంటే రోగికి ధైర్యం వస్తుంది. మన మెత్తా భావన కూడా మన మనసులో కోపాన్ని, భయాన్ని తగ్గిస్తుంది. కానీ అది రోగి ఒంట్లో పురుగుని చంపదు. మంచి మనసు లేచి నిలబడి పని చెయ్యాలి.

విరేచనాలతో తన మలమూత్రాల్లోనే పడి ఉన్న భిక్షువుని చూసినప్పుడు తథాగతుడేం చేశాడు? సుత్తం చదివి వెళ్లిపోలేదు. ఆనందుడి చేత నీళ్లు తెప్పించి, తాను నీళ్లు పోస్తుంటే ఆనందుడు కడిగాడు, ఇద్దరూ కలిసి మంచం మీద పడుకోబెట్టారు. ఆ తర్వాత, తనకి సేవ చెయ్యాలనుకునేవాళ్లు రోగికి సేవ చెయ్యమని భిక్షువులకి చెప్పాడు.

కాబట్టి ఈసారి మీ పేటలో ఎవరికైనా జ్వరమొస్తే ముందు ఆటో పిలవండి. రక్తపరీక్షకి తోడు వెళ్లండి. డి.ఇ.సి. మాత్రలు పంచడానికి వచ్చినప్పుడు పారెయ్యకుండా ఆరోగ్య సిబ్బంది చెప్పినట్టు వేసుకోండి, వాచిన కాలు మళ్లీ మామూలుగా అవ్వడం కష్టం. బోదకాలున్న పెద్దవాళ్లుంటే రోజూ సబ్బుతో ఆ కాలు కడిగి, తడి లేకుండా తుడవండి. ఇవన్నీ అయ్యాక మంచం పక్కన కూర్చుని త్రిశరణం చెప్పుకోండి. అప్పుడది మొక్కు కాదు, మెత్తా.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.