ఒక్కరుగా నిలిచిన న్యాయమూర్తి – కోకా సుబ్బారావు

సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయిన తొలి తెలుగువారు కోకా సుబ్బారావు గారు. 1902లో రాజమండ్రిలో జన్మించారు. మద్రాసులో న్యాయవాదిగా పేరు తెచ్చుకొని, 1954లో గుంటూరులో ఏర్పడిన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1958లో సుప్రీంకోర్టుకు వెళ్లారు.

ప్రభుత్వం ఎంత బలమైనదైనా రాజ్యాంగం గీసిన గీత దాటరాదని ఆయన నమ్మకం. 1967లో గోలక్‌నాథ్ కేసులో, పార్లమెంటు సైతం ప్రాథమిక హక్కులను హరించలేదని 6–5 మెజారిటీతో తీర్పు వచ్చింది. 1973లో ఆ తీర్పు మారినా, రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని చెరపరాదన్న సూత్రం నిలిచింది.

హాస్టల్ విద్యార్థులమైన మనం మరువరానిది 1963 నాటి దేవదాసన్ కేసు. భర్తీ కాని ఎస్సీ, ఎస్టీ ఉద్యోగ ఖాళీలను తర్వాతి ఏడాదికి కలిపే నిబంధనను నలుగురు జడ్జీలు కొట్టివేశారు. సుబ్బారావు గారొక్కరే విభేదించారు. రిజర్వేషన్ సమానత్వానికి మినహాయింపు కాదని, దాన్ని సాధించే మార్గమని ఆయన వాదన. ఆనాడు అది నెగ్గలేదు. 1992లో మండల్ కేసులో తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం మెజారిటీ ఆ దారికే వచ్చింది.

ఆయన 1976లో కన్నుమూశారు. మిత్రులారా, మన పక్షాన ఆయన రాసిన మాట గెలవడానికి 29 ఏళ్లు పట్టింది. ఆనాడు రాసి ఉంచారు కాబట్టే గెలిచింది.