రాబర్టు మారిసను దొరగారి జీవిత చరిత్ర సంగ్రహము

విద్యాభ్యాసము ముగించిన పిదప దూరదేశమున కేగి, అచ్చటి పాఠశాలలలో ఆంగ్లేయభాషను బోధింపవలెనను అభిలాష మన విద్యార్థులలో కొందరికి కలుగుచుండుట మేమెరుగుదుము. అది మెచ్చదగిన యభిలాషయే. అయినను ఇంగ్లీషు చక్కగా మాటలాడ నేర్చిన మాత్రమున ఆ పనికి సన్నాహము పూర్తియైనదని తలంచువారు పెక్కురు కలరు. బోధింపబోవువాడు ముందుగా తాను శిష్యుడు కావలెననియు, ఎవరికి నేర్పగోరునో వారియొద్దనే మొదట నేర్చుకొనవలెననియు వారికి తోచదు. ఈ సత్యమును తన బ్రతుకుచేత చూపిన మహనీయుడొకడు కలడు. చీనాదేశమున కేగిన మొదటి ప్రొటెస్టెంటు మిషనరీయు, చీనా బాలురకు ఆంగ్లేయవిద్య గరపుటకు మలాకా పట్టణమున కళాశాల నేర్పరచినవారునగు రాబర్టు మారిసను దొరగారే ఆయన. వారి చరిత్రమును చదువరులకు సంగ్రహముగా తెలుపుచున్నాము.

మారిసనుగారు 1782వ సంవత్సరము జనవరి 5వ తేదీన ఇంగ్లండు దేశపు ఉత్తరభాగమునగల నార్తంబర్లండు మండలమున, మోర్పెతు పట్టణమునకు సమీపమున జన్మించిరి. తండ్రి స్కాట్లండు దేశస్థుడు. మొదట పొలముపనులు చేసి జీవించినవాడు. ఎనమండుగురు బిడ్డలలో రాబర్టు కడపటివాడు. ఆ బాలునకు మూడేండ్లు నిండునప్పటికి కుటుంబము న్యూకాసిలు పట్టణమునకు తరలిపోయెను. అచ్చట తండ్రి పాదరక్షలు కుట్టువారికి వలయు కొయ్య అచ్చులు చేయు పని నవలంబించెను. రాబర్టు తన మేనమామయొద్ద చదువు నేర్చెను. పండ్రెండేండ్ల ప్రాయమున, 176 వచనములుగల 119వ కీర్తనను ఆద్యంతము తప్పులేక అప్పగించెనని చెప్పుదురు. పదునాలుగవ యేట బడి మాని తండ్రియొద్ద పనికి కుదిరెను.

బడి మానినంతమాత్రమున చదువు మానవలెనని నియమము లేదుగదా! దినమునకు పండ్రెండు, పదునాలుగు గంటలు చేతులకు పని యుండినను, ఎదుట నొక పుస్తకమును తెరచియుంచుకొని చదువుచు పనిచేయుట ఆ యువకునకు అలవాటయ్యెను. కొనుటకు ధనము చాలదు గనుక పుస్తకములను ఎరువు తెచ్చుకొనుచుండెను. రాత్రులయందు చదువుటకు అనుకూలముగా నుండుటకై తన పడకను పనిశాలలోనికే మార్చుకొనెను. 1801వ సంవత్సరమున ఒక సంఘకాపరియొద్ద లాటిను భాష నారంభించెను. పిమ్మట గ్రీకు, హెబ్రీ భాషలను నేర్చెను. 1803వ సంవత్సరము జనవరిలో లండను నగరమునందలి హాక్‌స్టను వేదాంత పాఠశాలలో ప్రవేశించెను. దూరదేశమున సేవచేయవలెనని మనస్సు త్వరపెట్టుచున్నను, తాను జీవించియున్నంతవరకు విడిచిపోవలదని తల్లి కోరియుండుటచే, ఆ మాటకు లోబడియుండెను. తల్లి 1804లో మృతినొందెను. ఆ సంవత్సరముననే ఆయన లండను మిషనరీ సమాజమువారికి తన్ను తాను సమర్పించుకొనెను.

ఈ సమాజము మన యాంధ్రులకు క్రొత్తది కాదు. వారు పంపిన క్రాను, డిగ్రాంజెసు అను నిరువురు దొరలు 1805వ సంవత్సరమున విశాఖపట్టణమునకు వచ్చి తెలుగు నేర్చి పనిచేసిరి. మారిసనుగారిని మాత్రము చీనాకు పంపుటకు సమాజమువారు నిశ్చయించిరి. కాని వెంటనే ఓడ నెక్కింపలేదు. గాస్‌పోర్టు పట్టణమునగల మిషనరీ పాఠశాలలో కొంతకాలము శిక్షణమిచ్చి, పిమ్మట లండనులో వైద్యమును, ఖగోళశాస్త్రమును నేర్పించిరి. అన్నిటికంటె ముఖ్యమైన చీనాభాష మిగిలియుండెను. ఆ కాలమున ఇంగ్లండులో దానిని నేర్పగలవారు మిక్కిలి యరుదు.

దైవవశమున యోంగ్ సామ్ తక్ అను చీనాదేశపు యువకుడొకడు ఆంగ్లేయభాష నేర్చుకొను కోరికతో అప్పుడు లండనునందుండెను. మారిసనుగారు ఆయనను గురువుగా స్వీకరించి, ఒకే బసయందు కలిసి నివసింపసాగిరి. ఒకనాడు గురువు వ్రాసియిచ్చిన అక్షరములను వల్లించి, ఆ కాగితముతో పనితీరెనని శిష్యుడు దానిని నిప్పులో పారవైచెను. గురువునకు పట్టరాని కోపము వచ్చి మూడుదినములు పాఠము చెప్పుట మానెనట! చీనావారు వ్రాతను పూజ్యముగా నెంచువారు. మన దేశమున పుస్తకమునకు కాలు తగిలినచో కన్నుల కద్దుకొనుట పసిబిడ్డలకు సైతము తెలిసిన మర్యాద. కావున యోంగుగారి కోపము మనకు వింతగా తోచదు. శిష్యుడు అలుగలేదు, గురువును నవ్వనులేదు. నాటినుండి తగరపు రేకుపై వ్రాసి తుడుచుకొనుచు, మన పిల్లలు పలకపై దిద్దుకొనునట్లు దిద్దుకొనెను. గ్రీకు, హెబ్రీ భాషలు చదివిన పండితుడు ఒక పరదేశీయ యువకుని కోపమునకు తలవంచి తన అలవాటు మార్చుకొనుటయే, మా యభిప్రాయమున, ఆయన చీనాకు చేసిన ప్రయాణములో మొదటి మజిలీ.

బ్రిటిషు మ్యూజియమునందు నూతన నిబంధనలోని పెక్కు భాగములకు చీనాభాషాంతరమగు వ్రాతప్రతి యొకటి యుండెను. అది పూర్వము ఒక రోమను కతోలిక మిషనరీ చేసినది. మారిసనుగారు గురువు సాయముతో ఆ ప్రతిని చేతివ్రాతతో నకలు వ్రాసికొనిరి. రాయలు సొసైటీవారియొద్ద నుండిన లాటిను-చీనా నిఘంటువు వ్రాతప్రతిని ఎరువు తెచ్చి దానిని గూడ నకలు తీసిరి. ఇట్లు తమకు మున్ను పాటుపడినవారి శ్రమఫలమును, వారు వేరొక సంఘమువారైనను, కృతజ్ఞతతో గ్రహించిరి.

1807వ సంవత్సరము జనవరి 8వ తేదీన అభిషేకము పొంది, ఆ నెలలోనే బయలుదేరిరి. మిషనరీలను తమ యోడలలో తీసికొనిపోవుటకు ఈస్టిండియా కంపెనీవారు సమ్మతింపకుండుటచే, ముందు అమెరికా దేశమునకు పోయి, న్యూయార్కు రేవునుండి వేరొక యోడలో పోవలసివచ్చెను. ఆ రేవున ఓడయజమాని యొకడు, చీనావారి పురాతన విశ్వాసములను ఈయనయా కదలించుటయని పరిహసింపగా, తనవలన కాదనియు, దేవునివలన కాగలదనియు మారిసనుగారు శాంతముగా బదులు చెప్పిరని ప్రసిద్ధి. సెప్టెంబరు 4వ తేదీన మకావు రేవును చేరి, కొలదిదినములలో కాంటను పట్టణము ప్రవేశించిరి.

అచ్చటి చిక్కులు సామాన్యమైనవి కావు. పరదేశీయులకు భాష నేర్పిన చీనావానికి మరణదండన విధింపవచ్చునని ప్రభుత్వశాసన ముండెను. వర్తకులకు సైతము వ్యాపారపు రుతువునందు మాత్రమే కాంటనులో నుండ ననుజ్ఞ. తక్కినకాలము పోర్చుగీసువారి వశమునందలి మకావులో గడపవలెను. ఇంత భయములోను మారిసనుగారికి పాఠము చెప్పుటకు సాహసించినవారు కొందరుండిరి. లండనునుండి తిరిగివచ్చిన యోంగుగారును మరల తోడ్పడెను. పట్టువడినచో చిత్రహింసలు తప్పించుకొనుటకై ఒక యుపాధ్యాయుడు తనయొద్ద విషము దాచుకొని తిరుగుచుండెనట! మారిసనుగారి పేరు లోకమంతట వ్యాపించినది. ప్రాణములొడ్డి ఆయనకు అక్షరములు చెప్పిన ఆ గురువులను తలంచువారరుదు. ఉపాధ్యాయ వృత్తియందున్న మేము వారిని తలంపకుండ ఈ కథను ముందునకు నడపజాలము.

మొదట మారిసనుగారు చీనావారి దుస్తులు ధరించి, జడ పెంచి, వారి యాహారమునే భుజించుచు, గదిదాటి వెలుపలికి రాకుండ చదివిరి. ఏకాంత ప్రార్థనను సైతము వచ్చీరాని చీనాభాషలోనే చేసికొనుచుండిరి. ఆరోగ్యము చెడెను, వేషము మరింత అనుమానమునకు తావిచ్చునని గ్రహించి దానిని విడిచిరి. పరుల వేషము వేయుటవలన పరుల మనస్సు తెలియదని ఆయనకు అనుభవము నేర్పెను.

1809వ సంవత్సరము ఫిబ్రవరి 20వ తేదీన మేరీ మోర్టను అను కన్యను మకావులో వివాహమాడిరి. ఆ దినముననే ఈస్టిండియా కంపెనీవారు సంవత్సరమునకు 500 పౌనుల జీతముపై వారిని భాషాంతరీకరణోద్యోగమున నియమించిరి. ఈ యుద్యోగము లేనిచో ఆ తావున నిలుచుటకే వీలులేదు. అయినను సత్యము మరుగుపరుపరాదు. కంపెనీవారు మన దేశమున పండించి కలకత్తాలో వేలమువేసిన నల్లమందే చీనాకు చేరి ఆ ప్రజను పాడుచేయుచుండెను. అట్టివారి జీతము తినుచు ఆ ప్రజకే మేలుచేయబూనుట మారిసనుగారి జీవితమునందలి గొప్ప చిక్కు. మహనీయుల చరిత్రలయందు సైతము ఇట్టి ముళ్లుండునని విద్యార్థులు గుర్తెరుగవలెను.

ఉద్యోగము చేయుచునే, మిగిలిన సమయమున ఆయన చేసిన పని అద్భుతమైనది. ఆయన రచించిన చీనాభాషా వ్యాకరణము 1815లో మన దేశమునందలి శ్రీరాంపురము ముద్రాలయమున అచ్చుపడెను. తెలుగు సువార్తలును ఆ ముద్రాలయముననే మొదట అచ్చుపడినవి. 1815 మొదలు 1823 వరకు ఆరు సంపుటములుగా చీనా-ఆంగ్లేయ నిఘంటువు వెలువడెను. దాని మొదటి భాగమున నలుబదివేలకు పైబడిన అక్షరములు కలవు. మన తెలుగునకు బ్రౌను దొరగారి నిఘంటువు ఎట్టిదో, చీనాభాషకు ఇదియు నట్టిది. నూతన నిబంధన భాషాంతరము 1813లో పూర్తియయ్యెను. విలియము మిల్ను దొరగారి తోడ్పాటుతో సంపూర్ణ గ్రంథము 1819లో ముగిసి, 1823లో అచ్చుపడెను.

చీనాలో పాఠశాల తెరచుటకు వీలులేనందున, చీనావారు పెక్కుమంది నివసించు మలాకా పట్టణమున ఆంగ్లో-చైనీసు కళాశాలను స్థాపింప నిశ్చయించి, మారిసనుగారు తమ సొంతధనమునుండి 1,000 పౌనులిచ్చిరి. 1818వ సంవత్సరము నవంబరు 11వ తేదీన శంకుస్థాపనము జరిగెను. మిల్నుగారు ప్రథమాధ్యక్షులైరి. చీనా బాలురకు ఆంగ్లేయభాషను, పాశ్చాత్యశాస్త్రములను నేర్పుటయు, ఐరోపావారికి చీనాభాషను, గ్రంథములను నేర్పుటయు ఆ కళాశాల యుద్దేశములు. నేర్పుటయు నేర్చుకొనుటయు ఒకే కప్పు క్రింద నుండవలెనని ఆయన తలంపు. చీనా విద్యార్థిని క్రైస్తవుడవు కమ్మని నిర్బంధింపరాదని గూడ నియమమేర్పరచిరి. ఆ కళాశాలకొరకై 1823లో ఆంగ్లేయభాషా వ్యాకరణమొకటి వ్రాసి ప్రకటించిరి. చీనాభాష యెరిగినవాడు గనుకనే చీనా బాలునకు ఇంగ్లీషు ఎచ్చట కఠినముగా నుండునో ఆయనకు తెలిసెను.

ఈ పనులన్నియు దుఃఖముల నడుమ జరిగినవి. తొలిబిడ్డ పుట్టిననాడే కన్నుమూసెను. 1821వ సంవత్సరము జూను 10వ తేదీన భార్య వాంతిభేదివలన మరణించెను. మకావులో ప్రొటెస్టెంటులకు శ్మశానభూమి లేనందున, ఆమె సమాధికొరకు కంపెనీవారు స్థలము కొనవలసివచ్చెను. మరుసటి సంవత్సరమున మిల్నుగారును గతించిరి.

1824లో స్వదేశము చేరినప్పుడు మారిసనుగారు ఇంచుమించు పదివేల చీనా గ్రంథములను వెంట తీసికొనిపోయిరి. రెండేండ్లు అచ్చట విశ్రమింపక, చీనాకు పోదలచినవారికి భాష నేర్పిరి. తమ యింటనే స్త్రీలకొక తరగతి నడిపిరి. అందు చదివిన మేరీ ఆను ఆల్డర్సీ అను నామె తరువాత చీనాలోని నింగ్‌పో పట్టణమున బాలికల పాఠశాలను స్థాపించెను. యోంగుగారియొద్ద తాను పొందినదానిని ఇట్లు ఇతరులకిచ్చి, మారిసనుగారు గురుఋణము తీర్చుకొనిరి.

1826లో మరల చీనా చేరి, 1834వ సంవత్సరము ఆగస్టు 1వ తేదీన కాంటనులో, ఏబదిరెండవ యేట పరమపదించిరి. దేహమును మకావునకు కొనిపోయి భార్య సమాధి చెంతనే భూస్థాపనము చేసిరి. ఇరువదియేడు సంవత్సరములలో బాప్తిస్మము పొందినవారు ఇంచుమించు పదిమంది మాత్రమే. లెక్కలు చూచువారికి ఇది స్వల్పముగా తోచవచ్చును.

కాని విత్తనము నేలలో నుండెను. మలాకా కళాశాలలో చదివిన యువాన్ దెహువీ అను విద్యార్థి, నల్లమందును అరికట్టుటకై 1839లో కాంటనుకు వచ్చిన లిన్ జెషూ అను రాజప్రతినిధికి భాషాంతరీకర్తయయ్యెను. కంపెనీ జీతమునుండి కూడబెట్టిన ధనముతో లేచిన కళాశాల విద్య, కంపెనీ నల్లమందు నెదిర్చిన వానికి ఉపకరించుట విచిత్రము గదా! మారిసనుగారి స్మారకముగా నేర్పడిన విద్యాసంఘమువారి పాఠశాలను 1839లో శామ్యూలు రాబిన్సు బ్రౌను అను అమెరికా దేశపు ఉపాధ్యాయుడు మకావులో తెరచెను. (ఈయన మన నిఘంటుకర్త గాక వేరొకరు.) అందు ఇంగ్లీషు చదివిన యుంగ్ వింగ్ అను బాలుడు 1854లో యేలు విశ్వవిద్యాలయమున పట్టమునొంది, అమెరికాలో పట్టభద్రుడైన మొదటి చీనావాడని పేరుపొందెను. ఆయన కృషివలన 1872 మొదలు 120 మంది చీనా బాలురు విద్యకై అమెరికాకు పంపబడిరి.

ప్రియ విద్యార్థులారా! మీలో ఎవరైన పరదేశమున ఉపాధ్యాయులు కాగోరినచో, ప్రయాణమునకు వలయు పెట్టెలను సర్దుకొనుటకు ముందు ఆ దేశపువారి నొకనిని గురువుగా వెదకికొనుడు. వారు దేనిని పూజ్యముగా నెంచుదురో తెలిసికొనుడు. తప్పు చూపినప్పుడు అలుగక, తగరపు రేకు తెచ్చుకొని మరల దిద్దుకొనుడు. తలిదండ్రులారా! మీ బిడ్డ సన్నాహమునకు సంవత్సరములు పట్టినచో కాలము వ్యర్థమైనదని విచారింపకుడు. మారిసనుగారు ఓడ నెక్కకమునుపు గడిపిన దినములే వారి తరువాతి పనికంతటికి పునాదులైనవి. నేర్చుకొనుట మానిన దినమున నేర్పుటకు అర్హత పోవునని మేము నమ్ముచున్నాము. మా విద్యార్థులును అట్లే నమ్ముదురుగాక.