గీత గీసిన చేత్తోనే పట్టాలు పరిచిన మహారాజు

టెక్కలి: ఉప్పు మళ్లకు పేరొందిన నౌపడ నుంచి గుణుపురం వరకు సాగే రైలు మార్గం ఆంధ్ర, ఒడిశా రాష్ట్రాలను కలుపుతోంది. ఆ రెంటి మధ్య సరిహద్దు ఏర్పడటానికి ముఖ్య కారకులైన పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతి నారాయణదేవ్ ఈ మార్గాన్ని గుణుపురం దాకా పొడిగించడం విశేషం.

ఆయన 1892 ఏప్రిల్ 26న జన్మించారు. తండ్రి గౌరచంద్ర గజపతి మద్రాసు-కలకత్తా ప్రధాన మార్గానికి తన రాజధానిని జోడించాలని సంకల్పించారు. సుమారు రూ.7 లక్షల వ్యయంతో రెండున్నర అడుగుల వెడల్పున నేరోగేజి పట్టాలు వేయించారు. నౌపడ నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి 1900 ఏప్రిల్ 1న రైలు నడిచింది. బాల్యంలోనే తండ్రిని కోల్పోయిన కృష్ణచంద్ర మద్రాసు న్యూయింగ్టన్ కళాశాలలో చదివి, 1913లో సంస్థాన బాధ్యతలు స్వీకరించారు. 1931 నాటికి రైలును గుణుపురం చేర్చారు. మార్గం నిడివి 90 కిలోమీటర్లయింది.

సంస్థానం రెండు ముక్కలు

ఒరియా మాట్లాడే ప్రాంతాలన్నీ ఒకే రాష్ట్రంగా ఏర్పడాలన్నది ఆయన ఆశయం. 1930లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశంలో ఆ వాదన వినిపించారు. 1933 నాటి శ్వేతపత్రంలో పర్లాకిమిడికి చోటు దక్కకపోవడంతో మళ్లీ పోరాడారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా అవతరించింది. పర్లాకిమిడి పట్టణం, సంస్థానంలో కొంత భాగం మాత్రమే అందులో చేరాయి. టెక్కలి, పాతపట్నం ప్రాంతాలు మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయాయి. రాజావారి పాఠశాలలో దశాబ్దాలపాటు బోధించిన గిడుగు రామమూర్తి ఈ విభజనను నిరసిస్తూ పట్టణాన్ని విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. మహేంద్రతనయ నదికి ఆవల ఒక రాష్ట్రం, ఈవల మరొకటి అయినా రైలు మాత్రం ఆగలేదు.

1937 ఏప్రిల్‌లో ఒరిస్సా తొలి మంత్రివర్గానికి ఆయన నాయకత్వం వహించారు. 1941 నుంచి 1944 వరకు మరోమారు ఆ పదవిలో ఉన్నారు. రాజ్యాంగ సభ సభ్యునిగానూ సేవలందించారు. 1974 మే 25న కన్నుమూశారు.

ఆవిరి నుంచి డీజిలుకు

ఆయన మరణానంతరం కూడా చాలాకాలం ఈ పట్టాలపై ఆవిరి ఇంజన్లే నడిచాయి. 1992లో వాటి స్థానంలో చిన్న డీజిలు ఇంజన్లు ప్రవేశించాయి. ఒడిశాలో ఆయన పేరిట గజపతి జిల్లా ఏర్పడిందీ ఆ ఏడాదే. బ్రాడ్‌గేజి పనుల కోసం 2004 జూన్‌లో నేరోగేజి రైలును నిలిపివేశారు. దాంతో ఇరువైపుల పల్లెల ప్రయాణికులకు ఏళ్ల తరబడి రైలు కరవైంది. 2010 ఆగస్టులో పర్లాకిమిడి వరకు, 2011 జులైలో గుణుపురం వరకు పెద్ద రైలు వచ్చింది.

సరిహద్దు వల్ల కచేరీలు, బడులు వేరైనా బంధుత్వాలు, వర్తకం వేరు కాలేదు. వాటిని నేటికీ నిలుపుతున్న వాటిలో తండ్రీకొడుకులు వేసిన ఆ రైలు దారి ఒకటి.