తోలు చదువు

మా రూమ్‌లో ముగ్గురం. నాది సూర్యాపేట, ఒకడిది కోదాడ, ఇంకొకడిది మిర్యాలగూడ. మిర్యాలగూడ వాడు కెమికల్. కౌన్సెలింగ్ అప్పుడు ఆ బ్రాంచ్ ఎందుకురా అని వాళ్ల చుట్టాలంతా అన్నారట. నన్నెవరూ అనలేదు, ఎందుకంటే నాది సీఎస్‌ఈ. వాడి ప్రాసెస్ కంట్రోల్ పుస్తకం చూసినప్పుడల్లా నాకు యలవర్తి నాయుడమ్మ గారు గుర్తొస్తారు. ఆయన ఎంచుకున్నది అంతకంటే ఎవరికీ పట్టని దారి.

1922 సెప్టెంబర్ 10న తెనాలి దగ్గర యలవర్రులో రైతు ఇంట్లో పుట్టారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో పారిశ్రామిక రసాయన శాస్త్రం చదివి, మద్రాసులో తోలు చదువులోకి వెళ్లారు. తోలు పనంటే ఊరి చివర, కంపు, అంటరానితనం. చేసేవాళ్లను దూరం పెట్టి, చెప్పులు మాత్రం అందరం వేసుకున్నాం. అలాంటి పనిలోకి చదువుకున్న రైతుబిడ్డ ఇష్టపడి దిగాడు. ఇంగ్లండ్‌లో శిక్షణ, అమెరికాలో లీహై యూనివర్సిటీ డాక్టరేట్ అయ్యాక మళ్లీ మద్రాసే వచ్చారు. 1958లో కేంద్రీయ తోలు పరిశోధన సంస్థకు డైరెక్టర్ అయ్యారు. అప్పటికి నలభై కూడా రాలేదు.

అసలు తోలులో అంత చదువేముంది అనుకున్నా. చాలా ఉంది. తడి పచ్చితోలు అరవై చిల్లర డిగ్రీలకే ముడుచుకుపోతుంది. క్రోమియం బాగా పట్టిన తోలు మరిగే నీళ్లకీ తట్టుకుంటుంది. ముందు పీహెచ్ 3 దగ్గరికి దించాలి. క్రోమియం లోపలిదాకా వెళ్లాక సోడా కొద్దికొద్దిగా వేసి 4 దగ్గరికి తేవాలి. తొందరపడితే పైనే పట్టేసి లోపల పచ్చిగా మిగులుతుంది. అనుభవమున్న పనివాడు ముక్క కోసి, నీలం మధ్యదాకా వచ్చిందా అని చూస్తాడు. మా వాడి భాషలో చెప్పాలంటే ఆ కన్నే సెన్సార్.

నాయుడమ్మ గారు పట్టుకున్నది ఇదే. ల్యాబ్‌లో తేలింది తోళ్ల శుద్ధి చేసేవాడి తొట్టిదాకా చేరాలి, అతనికి తెలిసింది ల్యాబ్‌కి రావాలి. మన తోలు సగం పనితో చవగ్గా విదేశాలకి పోకుండా, చెప్పులూ బూట్లూ ఇక్కడే తయారై వెళ్లాలని పట్టుబట్టారు. 1971లో సీఎస్‌ఐఆర్ డైరెక్టర్ జనరల్ అయ్యారు. అదే ఏడు పద్మశ్రీ. ఆ పదవిలో ఉండగా సైన్సుని మన కరీంనగర్ జిల్లా పల్లెల అవసరాలకి తెచ్చే ప్రయోగం నడిపించారు. 1981లో జేఎన్‌యూ వైస్ ఛాన్సలర్ అయ్యారు.

1985 జూన్ 23న ఐర్లాండ్ తీరం దగ్గర కనిష్క విమానాన్ని బాంబు పేల్చేసింది. పోయిన 329 మందిలో ఆయనొకరు.

మొన్న కోదాడ బస్టాండ్ దగ్గర నా చెప్పు తెగింది. కుట్టే పెద్దాయన వంచి చూసి, ఇది తోలు కాదు, రెగ్జిన్ అని తేల్చేశాడు. కొన్నవాణ్ణి నాకే తెలీదు. ఆయన దగ్గర కూర్చుని ఇంకొంచెం అడగాల్సింది. బస్సొచ్చేసింది.