బీజగణిత భాస్కరుడు

సహ్యాద్రి చెంతనున్న విజ్జడవిడమున నివసించిన మహేశ్వరుడు పేరుగన్న జ్యోతిశ్శాస్త్రవేత్త. ఆతనికి శాలివాహన శకము 1036లో, అనగా క్రీ.శ. 1114లో, భాస్కరుడు జన్మించెను. తండ్రియే ఆ బాలునకు గురువు. ఏడవ శతాబ్దమున ఇదే పేరుగల వేరొక గణితవేత్త యుండుటచే ఇతనిని రెండవ భాస్కరుడనియు, భాస్కరాచార్యుడనియు వ్యవహరింతురు.

1150లో, తన 36వ ఏట, ఇతడు సిద్ధాంతశిరోమణిని రచించెను. అందు లీలావతి, బీజగణితము, గ్రహగణితము, గోలాధ్యాయము అని నాలుగు భాగములు. లీలావతి పేరు వినని ఉపాధ్యాయుడు అరుదు. కాని సమీకరణములతో కుస్తీపట్టు విద్యార్థికి ఆప్తమైనది రెండవ భాగమగు బీజగణితమే.

ఆ గ్రంథము ధనఋణముల లెక్కతో ఆరంభమగును. ఋణసంఖ్యపై చుక్క నుంచుట ఆనాటి పద్ధతి. తెలియని రాశికి యావత్తావత్తు అని పేరు. అట్టివి పెక్కులైనచో కాలకము, నీలకము, పీతకము అని రంగుల పేర్లు పెట్టి, వాని తొలి అక్షరములతో వ్రాసెడివారు.

అందలి ఒక లెక్క ఇది. కోతిమూకలో ఎనిమిదవ వంతునకు వర్గమెంతయో అన్ని కోతులు వనమున ఆడుకొనుచున్నవి. మిగిలిన 12 కొండపై అరచుచున్నవి. మూక ఎంత? దానిని య అనుకొనిన, య² − 64య = −768 అగును. ఇరువైపుల 1024 చేర్చినచో ఎడమవైపు (య − 32)², కుడివైపు 256. దీని వర్గమూలము ధనమైనను ఋణమైనను 16 కావున, 48, 16 అని రెండు సమాధానములు వచ్చును. నేటి విద్యార్థి (య − 48)(య − 16) అని కారణాంకములుగా విడదీసి పొందు ఫలితము ఇదియే. ఆచార్యుడు రెండింటిని అంగీకరించెను.

మరియొక లెక్కలో, మూకయందలి ఐదవ వంతునుండి 3 తీసివేసి వర్గము చేసినన్ని కోతులు గుహ చేరినవి. ఒక్కటి మాత్రము కొమ్మపై కనబడుచున్నది. ఇచ్చట 50, 5 అని రెండు విలువలు వచ్చును. 5లో ఐదవ వంతు 1; దానినుండి 3 తీసిన ఋణము 2. దాని వర్గము 4, ఒకటి కలిపిన 5. అంకెలు సరిపోయినవి. అయినను కోతులు ఋణసంఖ్యలో ఉండవు. లోకము ఒప్పదని ఆచార్యుడు 5ను విడిచి 50ని గ్రహించెను. సూత్రము విలువలను తెచ్చి ముందుంచును. గ్రాహ్యమేదో తేల్చవలసినది బుద్ధి. బీజగణితమునకు బుద్ధియే మూలమని ఆతని సిద్ధాంతము.

వర్గసమీకరణమును సాధించు సూత్రమును ఆతడు తనదిగా చెప్పుకొనలేదు, శ్రీధరునిదని పేర్కొనెను. శ్రీధరుని బీజగణితము నేడు లభింపదు. భాస్కరుని సత్యనిష్ఠ వలననే ఆ సూత్రకర్త పేరు మనకు దక్కినది.

వృద్ధాప్యమున, 1183లో, ఆతడు కరణకుతూహలమును రచించెను. మనుమడు చంగదేవుడు తాతగారి గ్రంథములను బోధించుటకై మఠము నెలకొల్పినట్లు, మహారాష్ట్రలోని చాలీస్‌గాఁవ్ సమీపమున, పాటణయందలి 1207 నాటి శాసనము తెలుపుచున్నది. షాజహాను కాలమున బీజగణితము పారసీకమునకు మారెను. 1817లో కోల్‌బ్రూకు ఆంగ్లానువాదము లండనులో వెలువడెను.

వచ్చిన విలువను మరల లెక్కలో నిలిపి, అది అర్థవంతమా కాదా అని ఆలోచించు విద్యార్థి ఎచ్చటనున్నను భాస్కరాచార్యుని శిష్యుడే.